జిగురు కలిపిన సున్నం

గోడ ముక్కను నవారు మంచం మీద పడుకోబెట్టి వీధిలోకి మోసుకొచ్చారు. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు. కింద బొంత, పైన దుప్పటి, నాలుగు కోళ్ళ దగ్గర నలుగురు మనుషులు. దారి పక్కన నిలబడి చూస్తున్న ఆడవాళ్ళలో ఒకామె అలవాటు కొద్దీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మెల్లిగా అయ్యా. పెచ్చు ఊడితే జడ్జిగారు నన్నడుగుతారు," అంటూ దైవాధీనం మంచం వెంట నడిచాడు. ప్రయోగశాలలో ముప్పై ఏళ్ళుగా టెక్నీషియన్. ఏ పనినైనా పెళ్ళివారి పనిలాగే చేస్తాడు.

గోడలు విన్నది వినిపించే యంత్రం తయారుచేసిన వసుమతి వసారాలోనే ఉండిపోయింది. వ్యాను దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి రావడానికి మోకాళ్ళు ఒప్పుకోలేదు. ముక్క తీసిన చోట ఎర్రటి ఇటుకలు బయటపడ్డాయి. ఆ పక్కనే మూడేళ్ళ ఎండకీ వానకీ వెలిసిపోయిన పార్టీ గుర్తు.

ఇంటి పెద్ద శేషరత్నం కాగితం మీద సంతకం పెట్టబోయి ఆగింది. "నలభై నిమిషాలేగా?"

"అంతేనండీ. అది మే నెల. సున్నం కొట్టిన నలభై నిమిషాలకి ఆరిపోయి ఉంటుంది. తడిగా ఉన్నంతసేపు విన్నదే గోడలో ఉంటుంది. ఆరాక దానికి ఇంకేమీ వినపడదు," అంది వసుమతి.

"అయితే సరే." ఆమె పేరులోని ఒక్కో అక్షరాన్నీ కూడబలుక్కుంటూ రాసింది. "ఆ నలభై నిమిషాలే నాక్కావాల్సింది. ఇది ఒట్టు ఎట్టా వేసిందో అందరూ వినాలి."

'ఇది' అన్నది కోడల్ని. నాగమల్లి పెరటి వైపు గడప మీద కూర్చుని మిరపకాయల తొడిమెలు తీస్తోంది. తల ఎత్తలేదు.

కేసు సంగతి వసుమతికి వకీళ్ళు ముందే చెప్పారు. మూడేళ్ళ కిందటి పార్లమెంటు ఎన్నికల్లో ఆరువందల పదకొండు ఓట్ల తేడాతో ఓడిన అభ్యర్థి, ఆ ఎన్నిక చెల్లదని హైకోర్టులో పిటిషన్ వేశాడు. పోలింగుకు మూడు రోజుల ముందు గెలిచినాయన మనుషులు వేములబండ ఊళ్ళో ఇంటింటికీ సున్నం బకెట్లు పంపారట. గోడలు తెల్లబడ్డ ఇళ్ళకి పార్టీ గుర్తు వేసే వంకతో వచ్చి, పోలేరమ్మ పటం ముందు కర్పూరం వెలిగించి, ఇంట్లోని చిన్నపిల్ల తల మీద చెయ్యి పెట్టించి ఒట్లు వేయించుకున్నారట. దేవత కోపానికి గురవుతావని ఓటరును బెదిరించడం నేరం. అది అభ్యర్థి ఎన్నికల ఏజెంటే స్వయంగా చేస్తే ఎన్నిక రద్దవుతుంది. ఏజెంటు మాత్రం ఆ ఊరి ముఖమే చూడలేదన్నాడు. ఊళ్ళో ఒక్కరూ సాక్ష్యం చెప్పలేదు. గోడ తీసుకెళ్ళండి అన్నది ఈ ఒక్క ఇల్లే.

"మేమిద్దరం ఒట్టేశాం. నేనూ, ఇదీ," అంది శేషరత్నం. "పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టాం. నెల తిరక్కుండా పిల్లకి ఫిట్స్ మొదలయినయ్. ఎవరో ఒకరు ఒట్టు తప్పబట్టేగా? ఆ రోజే చూశా, దీని నోరు సరిగ్గా కదల్లేదు. గోడే చెప్పుద్ది."

అంతలో ఏడేళ్ళ పిల్ల ఒకతె దువ్వెనా రిబ్బన్లూ పట్టుకుని లోపల్నించి వచ్చింది. పేరు జాహ్నవి అని ఆ తర్వాత తెలిసింది. తల్లి పక్కనుంచే నడిచి, తల్లిని దాటి, నాయనమ్మ మోకాళ్ళ మధ్య కూర్చుంది. శేషరత్నం జడ వెయ్యడం మొదలుపెట్టింది.

"దాని చెయ్యి నా మనవరాలి తల మీద పడనియ్యను. మూడేళ్ళయింది," అంది, వసుమతి అడక్కుండానే.

గడప మీద తొడిమెలు తీస్తున్న చేతులు ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలాయి.

వ్యానెక్కాక దైవాధీనం అన్నాడు: "మేడమ్, కోర్టు గెలిచినా ఓడినా ఈ ఇంట్లో మాత్రం శిక్ష ముందే పడిపోయింది."

*

పన్నెండేళ్ళ కిందట ఈ యంత్రాన్ని మొదలుపెట్టినప్పుడు వసుమతి కలలు వేరు. సున్నం ఆరేటప్పుడు పై పొర ముందు గట్టిపడుతుంది, తర్వాత లోపలి పొర. గట్టిపడే ప్రతి పొరలోని రేణువులూ ఆ క్షణంలో గోడను తాకిన శబ్దానికి వణికి, ఆ వణుకుతోనే కుదురుకుంటాయి. సన్నని కాంతితో పై నుంచి ఒక్కో పొరా గీరుతూ పోతే ఆ వణుకు మళ్ళీ శబ్దమవుతుంది. గీరిన పొర పొడై పోతుంది. ఏ గోడనైనా ఒక్కసారే వినగలం.

కొండపల్లి కోటలాంటివి మాట్లాడతాయనుకుంది. ఒక పాత కోట గోడ మీద రెండేళ్ళు పనిచేస్తే చివరికి వినపడింది, "నీళ్ళు చాల్లేదు, ఇంకాసిన్ని పొయ్యరా" అన్న ఒక మేస్త్రీ గొంతు. ఆ రోజు దైవాధీనం లడ్డూలు పంచాడు. పత్రికలవాళ్ళు యంత్రానికి గోడచెవి అని పేరు పెట్టారు. వకీళ్ళకి అది ఇంకా బాగా నచ్చింది. ఆస్తి తగాదాలు, విడాకులు, ఇప్పుడు ఎన్నికలు.

వేములబండ గోడను వినే రోజున రెండు పక్షాల వకీళ్ళూ ప్రయోగశాలకి వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. కోర్టు ఉత్తర్వు ప్రకారం శబ్దం వినేది కమిషనర్ అయిన వసుమతీ, దైవాధీనం మాత్రమే. మిగతావాళ్ళు తెర మీద కదిలే గీతను చూడొచ్చు. విన్నదంతా పొర చివరిదాకా నమోదు చేసి, సీలు వేసి ఇవ్వాలి. విచారణ రోజున జడ్జిగారి ముందు తెరుస్తారు.

మొదట చీపురు కుంచె గోడను రాస్తున్న చప్పుడు వచ్చింది. కోళ్ళు. ఆ తర్వాత చెప్పుల చప్పుళ్ళు, ఎవరో మగవాడు కుర్చీ అడగడం.

"ఏమ్మా శేషరత్నం, బాగున్నావా? మీ ఆయన పోయాడంటగా, పాపం."

ఏజెంటు గొంతు. టీవీ చర్చల్లో రోజూ వినే గొంతే. వసుమతికి అలసటే తప్ప ఆశ్చర్యం కలగలేదు. తర్వాత అగ్గిపుల్ల గీసిన చప్పుడు, పిల్ల నవ్వు, ఒట్టు మాటలు. ముందు కోడలు. ఒక్కొక్క మాటా విడివిడిగా, పాఠం అప్పజెప్పినట్టు, చివరి మాట దాకా. తర్వాత అత్త. "పోలేరమ్మ తల్లి సాక్షిగా, ఈ పిల్ల మీద ఒట్టు, నా ఓటు..." అక్కడ్నించి మాట నీళ్ళలో పడ్డట్టు మునిగిపోయింది. ఏజెంటు తొందరలో ఉన్నాడు. "సరే సరే, పద, పక్కింటికి," అన్నాడు.

వసుమతి గడియారం చూసింది. గోడ వయసు ముప్పై ఎనిమిది నిమిషాలు. ఇంకో రెండు నిమిషాల్లో పొర అడుగంటాలి.

అంటలేదు. నలభై. నలభై అయిదు. యాభై. తెర మీద గీత కదులుతూనే ఉంది.

"ఏంటి మేడమ్, నలభై అన్నారు?" గెలిచినాయన వకీలు కుర్చీలో ముందుకు వంగాడు.

ఆమె దీపం వేడెక్కిందని చెప్పి యంత్రం ఆపింది. వాళ్ళు టీకి వెళ్ళాక దైవాధీనం పొడిని వేలితో నలిపి, వాసన చూసి, నాలుక చివర పెట్టుకున్నాడు.

"చింతగింజల జిగురు మేడమ్. సున్నంలో ఉడకబెట్టి కలిపారు. మా అమ్మా కలిపేది. లేకపోతే గోడకి ఆనుకుంటే బట్టలకంటుద్ది. ఇది కలిపితే మర్నాడు మధ్యాహ్నానికి గానీ ఆరదు."

"ఆ సంగతి నాకెందుకు చెప్పలేదు?"

"మీరు సున్నం కంపెనీ పేరడిగారు గానీ, సున్నం కలిపినామెని అడగలేదుగా."

వసుమతి స్టూలు మీద కూర్చుంది. ఇరవై గంటల ఇల్లు ఆ ముక్కలో ఉంది. నలభై నిమిషాలేనన్న తన మాట నమ్మి ఆవిడ సంతకం పెట్టింది.

"ఇక్కడితో ఆపేద్దామా?"

"ఆర్డర్లో పొర చివరిదాకా అని ఉంది. వాళ్ళిద్దరూ గీత చూశారు కూడా," అన్నాడు దైవాధీనం. మళ్ళీ తనే, "నేను కావాలంటే చెవిది తీసేస్తా. వినేది మీరొక్కరే అవుతారు," అన్నాడు. తీసేశాడు కూడా.

తొమ్మిది రోజులు పట్టింది. రెండో రోజుకే వకీళ్ళు రావడం మానేసి గుమాస్తాలను పంపారు. నాలుగో రోజుకి గుమాస్తాలూ ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. వసుమతి ఒక్కతే ఆ ఇంట్లో ఉంది. గిన్నెలు తోమారు. కొడుకు ట్రాక్టరు దిగి అన్నం తిన్నాడు. కరెంటు పోయింది, వచ్చింది. పొద్దుపోయే వేళ ఎవరో చిన్నపిల్లకి తల దువ్వుతున్నారు. చిక్కు తీస్తుంటే పిల్ల గింజుకుంటోంది. "కదలకే బంగారం, పాపిడి వంకరపోద్ది," అంది నాగమల్లి గొంతు. తర్వాత ఏదో సన్నగా పాడింది.

ఎనిమిదో రోజున, గోడలో తెల్లవారుజాము వేళ, వాకిలి ఊడుస్తున్న చప్పుడు వచ్చింది. చీపురు ఆగింది. గోడకు బాగా దగ్గరగా, చెవిలో చెప్పినట్టు శేషరత్నం గొంతు.

"తల్లీ, నోటితో ఏదో అన్నాను. ఓటు మాత్రం వాళ్ళకి వెయ్యను. వాళ్ళ గేటు ముందర మా ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని పొద్దస్తమానం నిలబడ్డాడు, మంచినీళ్ళియ్యలా. చచ్చిపోయేదాకా అదే చెప్పుకున్నాడు. నేనెట్టా వేసేది? నీకు కోపం వస్తే నా మీద చూపు. పిల్ల జోలికి పోబాక."

చీపురు మళ్ళీ కదిలింది.

*

ఆ రాత్రి వసుమతి పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది.

"పెరుగన్నం తింటాలే," అన్నాడు భర్త పురుషోత్తం. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. ఆమె పని గురించి ఆయన అడగడు. కోర్టు కేసులు మొదలయ్యాక అడక్కపోవడం ఇద్దరికీ అలవాటైంది.

"అపార్టుమెంటువాళ్ళు లోపల కూడా రంగులేయిస్తారట వచ్చే నెల. ఆ రెండు రోజులూ అన్నవరం వెళ్ళొద్దామా?"

"రంగులేస్తుంటే మనమెందుకు వెళ్ళడం?"

"అందరూ వెళ్తున్నారు వసూ. కింద ఫ్లాటు వాళ్ళు గోవా వెళ్ళారు." ఆయన మజ్జిగ గ్లాసు పక్కన పెట్టాడు. "ఆ పడగ్గది గోడ జోలికి మాత్రం నువ్వు పోకు."

పదకొండేళ్ళ కిందట ఆ గదికి రంగు వేసిన వారం ఇద్దరూ గట్టిగా పోట్లాడుకున్నారు. దేనికో ఆమెకి గుర్తులేదు. ఆయనకి గుర్తుందేమోనని ఇప్పుడు మొదటిసారి అనిపించింది. అడగలేదు. గిన్నెలు సింకులో వేసి నీళ్ళు వదిలింది.

పడుకున్నాక కూడా చెవిలో చీపురు చప్పుడే. కవరు విప్పిన రోజున కోర్టు హాల్లో ఆ గొంతు స్పీకర్లోంచి వస్తుంది. మర్నాడు పేపర్లో, సాయంత్రం టీవీలో, ఆ రాత్రికల్లా వేములబండలో వస్తుంది. మనవరాలి తల మీద ఒట్టు తప్పిన ముసలిదాన్ని ఊరు ఏం చేస్తుంది? విప్పకపోతే నాగమల్లి ఆ గడప మీదే ఉండిపోతుంది. జబ్బుకి ఒట్టు కారణం కాదని వసుమతికి తెలుసు. ఆ ముక్క ఆ ఇంట్లో చెబితే తన మోకాళ్ళ నొప్పి గురించి చెప్పినంత విలువే ఉంటుంది.

నలభై నిమిషాలని చెప్పింది తను. ఆలోచన ఎటు తిప్పినా ఆ మాట దగ్గరికే వచ్చేది.

*

కవరు సమర్పించిన తర్వాత పద్నాలుగు నెలలు గడిచాయి. ఆరు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉన్న పిటిషన్. ఒకసారి జడ్జిగారు మారారు. ఒకసారి గెలిచినాయన వకీలుకి కంటి ఆపరేషన్. ఒకసారి గోడ అసలు సాక్ష్యమా, పత్రమా, వస్తువా అన్న దాని మీదే నాలుగు వాయిదాలు నడిచాయి. వసుమతి ప్రతి వాయిదాకీ పొద్దున్నే క్యారియర్ కట్టుకుని బస్సులో వెళ్ళి, సాయంత్రం ఖాళీ క్యారియర్‌తో వచ్చేది.

ఈలోగా బయట లోకం మారింది. వాళ్ళ అపార్టుమెంటుకి రంగులేయడానికి వచ్చిన మేస్త్రీ ఆమెని గుర్తుపట్టి దణ్ణం పెట్టాడు.

"మా పాలిట దేవత మీరు మేడమ్. ఇదివరకు రంగులేస్తుంటే ఇంట్లోవాళ్ళు నెత్తినెక్కి కూర్చునేవాళ్ళు, ఇక్కడ గీత పడింది, అక్కడ చుక్క పడిందని. ఇప్పుడు ఒక్కరూ నోరు తెరవరు. మంచినీళ్ళు కావాలన్నా సైగే."

పనిమనిషి ఇంకో సంగతి చెప్పింది. వాళ్ళ పేటలో సున్నాలంటే చుట్టాలంతా కూడి, పాటలూ ఎకసెక్కాలూ అయ్యేవి. ఇప్పుడు కుంచె తీస్తే పిల్లల్ని కూడా బయటికి తోలేస్తున్నారు. పెళ్ళివారి ఇళ్ళల్లో సున్నం ఆరేదాకా టీవీ పెద్దగా పెడుతున్నారు. గోడల మీద గుర్తులేసే పార్టీ కుర్రాళ్ళయితే ఒక మైకు బండి వెంటేసుకునే తిరుగుతున్నారట.

అయిదో ఏడు నిండకుండానే లోక్‌సభ రద్దయింది. ఆ వారంలోనే ఓడినాయన వకీలు ఫోన్ చేశాడు.

"పిటిషన్ వెనక్కి తీసుకుంటున్నాం మేడమ్. కోర్టు ఒప్పుకుంది."

"ఎందుకండీ?"

"సభే లేకపోయాక ఏ సీటు ఖాళీ చేయిస్తాం?" ఆయన గొంతు తగ్గించాడు. "మీకు తెలీదా? మా క్లయింటుగారూ, ఆయనా ఇప్పుడు ఒకే పార్టీ. ఈసారి టికెట్ మావారికి. ప్రచారం ఆయన చేస్తారు."

ఉత్తర్వు రెండు పేజీలు. విప్పని కవరును తొంభై రోజుల తర్వాత తగలబెట్టాలి. అందులో ఉన్నది కమిషనర్ ఎవరికీ వెల్లడించకూడదు. గోడను మునుపటిలాగా బాగుచేయించి ఇవ్వాలి.

వసుమతి చివరి వాక్యాన్ని రెండుసార్లు చదువుకుంది. మిగతాదాంట్లో ఆమె చెయ్యగలిగింది ఏమీ లేదు.

*

వేములబండకి తాపీ మేస్త్రీ ముందురోజే వెళ్ళి గోడ పూడ్చి మెత్తాడు. సున్నం మాత్రం మేమే కొట్టుకుంటామని శేషరత్నం అందట. వసుమతి పొద్దున్నే బయల్దేరింది. కిందటి నెల రిటైరైన దైవాధీనం పిలవకుండానే వచ్చి వ్యానులో ముందు సీట్లో కూర్చున్నాడు.

వసారాలో పద్నాలుగు నెలలుగా కన్నానికి అడ్డం కట్టిన పాత చీర మడిచి అరుగు మీద ఉంది. శేషరత్నం బాగా వంగిపోయింది. పెరట్లో పొయ్యి మీద గిన్నెలో ఏదో గోధుమరంగులో ఉడుకుతోంది. పక్కన తొట్టిలో సున్నం. నాగమల్లి దూరంగా బావి దగ్గర నీళ్ళు తోడుతోంది.

"కొట్టేశారంటగా కేసు," అంది శేషరత్నం.

"వెనక్కి తీసుకున్నారు."

"వాళ్ళూ వాళ్ళూ ఒకటయ్యారు. టీవీలో చూశాం, దండలేసుకుంటన్నారు." ఆమె గరిటెతో గిన్నె కలిపింది. "మరి గోడ చెప్పిందేమయింది?"

"కవర్లో ఉంది. విప్పలేదు. తొంభై రోజులయ్యాక కాల్చేస్తారు."

"అయితే ఎవరూ వినలా."

 పొయ్యి దగ్గర పీట ఉంటే వసుమతి మెల్లగా దాని మీద కూర్చుంది. తెలిసిన సంగతే అడిగింది.

"ఏంటండీ అది?"

"చింతగింజల జిగురు. వేయించి, నానబెట్టి, రుబ్బి ఉడకబెట్టాలి. ఇది పడకపోతే సున్నం నిలవదు, ఒంటికంటుద్ది."

"ఆ ఎలక్షన్లప్పుడు కూడా కలిపారా?"

"కలపకుండా ఎట్టా? వాళ్ళు పంపింది ఉత్త సున్నం. మీ సున్నం మీరిస్తే ఇచ్చారు, నా గోడ నా ఇష్టమని పావు తొట్టి..." గరిటె ఆగింది.

పొయ్యిలో ఒక పుల్ల చిటపటమంది. బావి దగ్గర గిలక కిర్రుమంటోంది.

"జిగురు పడితే ఎంతసేపటికి ఆరుతుందండీ?" అంది వసుమతి. ఆ మాట అడగడానికే ఇంత దూరం వచ్చానని ఆమెకి అప్పుడే తెలిసింది.

శేషరత్నం ఆమె ముఖంలోకి చూసింది. 

"నువ్వు నలభై నిమిషాలన్నావు."

"అన్నాను. తప్పు చెప్పాను. మిమ్మల్ని అడక్కుండా చెప్పాను."

"నువ్వు విన్నావా?"

"ఏం విన్నానో చెప్పకూడదు. ఎవరికీ చెప్పను. మీక్కూడా."

ముసలామె గిన్నె దింపింది. జిగురును సున్నంలో పోసి కర్రతో కలపసాగింది. కలుపుతూనే ఉంది. చాలిన తర్వాత కూడా కలిపింది. ఆ తర్వాత తొట్టి ఈడ్చుకుంటూ వసారాలోకి వెళ్ళింది. సాయం పట్టబోయిన దైవాధీనాన్ని చేత్తో ఆపింది.

కుంచె ముంచి గోడ మీద మొదటి వరస వేసింది. అది చూసి పక్కింటామె తన వాకిట్లో ఆడుతున్న పిల్లల్ని రెక్కపట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. ఎదురింటివాళ్ళ మాటలు ఆగిపోయాయి. కొడుకు అన్నం తింటున్నవాడల్లా కంచం తీసుకుని పెరట్లోకి పోయాడు. వీధి మొత్తానికి నోట్లో గుడ్డ కుక్కినట్టయింది. కుంచె చప్పుడు ఒక్కటే.

నాలుగు వరసలు వేశాక ఆమె పిలిచింది.

"నాగమల్లీ."

నాగమల్లి బిందె చంకన పెట్టుకుని గడప దాకా వచ్చింది. తడిగోడను చూసి, పెదాల మీద వేలు పెట్టి, ఏంటన్నట్టు తలాడించింది.

"మాట్లాడితే మాట్లాడు, ఏం కాదు. లేకపోతే ఊరుకో. నేనే మాట్లాడతా." శేషరత్నం కుంచె ఆపలేదు. గోడనే చూస్తోంది. "ఆ ఎలచ్చన్లప్పుడు నా ఓటు వాళ్ళకి వెయ్యలా నేను. ఒట్టేసి కూడా వెయ్యలా. మీ మావని వాళ్ళు నిలబెట్టింది నేను మర్చిపోలేకపోయా. ఒట్టు తప్పింది నేను. నువ్వు కాదు."

సున్నం చుక్కలు నేల మీద పడ్డాయి. పెరట్లో కొడుకు కంచంలో చెయ్యి పెట్టుకుని అలాగే కూర్చున్నాడు.

వసుమతికి అక్కడ ఉండటం ఇష్టం లేకపోయింది. లేవాలంటే మోకాళ్ళు పట్టుకుపోయాయి. పెరట్లో పీట మీదే తల వంచుకుని కూర్చుంది. నాగమల్లి ఏడుస్తుందనుకుంది. తిడుతుందనుకుంది. బిందె కిందపెట్టిన చప్పుడు మాత్రం వినిపించింది.

"ఇంకోసారి చెప్పత్తా," అంది నాగమల్లి. "గట్టిగా."

కుంచె ఆగింది. ముసలామె ఈసారి గోడకి ఇంకాస్త దగ్గరగా జరిగి, మొదటినుంచీ చివరిదాకా, ఏ మాటా మింగకుండా మళ్ళీ చెప్పింది. వీధి చివరి ఇంటిదాకా వినపడేలా చెప్పింది.

తర్వాత అత్తకి అందని పై వరసలు కోడలు వేసింది. కుంచె చేతులు మారినప్పుడు కూడా ఒకరినొకరు చూసుకోలేదు. దైవాధీనం బయటికెళ్ళి వ్యాను చక్రాలను ఊరికే పరీక్షించాడు.

బడి వేళయింది. జాహ్నవి యూనిఫాం వేసుకుని, దువ్వెనా రెండు రిబ్బన్లూ పట్టుకుని వచ్చి, రోజూలాగే నాయనమ్మ ముందు చతికిలపడింది.

శేషరత్నం రెండు చేతులూ పైకెత్తి చూపించింది. మోచేతుల దాకా తెలుపు.

"నా చేతులకి సున్నముందే. మీ అమ్మకియ్యి."

పిల్ల నాయనమ్మ వంకా, తల్లి వంకా చూసింది. తను సరిగ్గా వినలేదనుకున్నట్టు కదలకుండా ఉంది. నాగమల్లి చేతులకూ సున్నం ఉంది. ఆమె బావి దగ్గరికి వెళ్ళి, కొబ్బరి పీచుతో రుద్ది రుద్ది కడుక్కుని, కొంగుకు తుడుచుకుని వచ్చి గడప మీద కూర్చుంది. అప్పుడు పిల్ల లేచి వచ్చి ఆమె మోకాళ్ళ మధ్య కూర్చుంది.

దువ్వెన జుట్టు మీదికి వెళ్ళి గాల్లోనే నిలిచిపోయింది.

"పాపిడి ఏ వైపు తీస్తారే నీకు?" అంది నాగమల్లి.